అరుగు లేని ఆఫీసు

ప్లేస్‌మెంట్ల కబుర్లు మొదలయ్యాయంటే మన బ్యాచ్‌లో మొదటి ప్రశ్న ప్యాకేజీ ఎంత అని. రెండోది, హైబ్రిడ్డా, రోజూ వెళ్ళాలా అని. వెళ్ళాక ఎక్కడ కూర్చోబెడతారో ఎవరూ అడగరు. నేను మాత్రం మా అక్కని చూశాక అడగాలనే అనుకుంటున్నాను.

అక్క హైదరాబాద్‌లో టెస్టర్. వారానికి మూడు రోజులు ఆఫీసు. అక్కడ తనకంటూ సీటు లేదు, ముందురోజు యాప్‌లో బుక్ చేసుకోవాలి. టీమ్ అంతా ఒకే రోజు వచ్చినా తలో ఫ్లోర్‌లో సీట్లు దొరుకుతాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పై ఫ్లోర్ వాళ్ళతో వీడియో కాల్ మాట్లాడుకుంటారు. "దీనికోసం గంటన్నర ట్రాఫిక్‌లో పడి రావాలా, చెప్పరా?" అంటుంది.

పోనీ ఇంటి నుంచే చేద్దామంటే అదీ కష్టమే. నాన్న మోకాలి ఆపరేషన్‌కి అక్క కోనసీమ వచ్చి రెండు వారాలుంది. కాల్ మధ్యలో పక్కింటి పిన్ని వచ్చి మంచం మీద కూర్చుని "ఎప్పుడొచ్చావే?" అంటుంది. కూతురు ఇంట్లో ఉందంటే ఖాళీగా ఉన్నట్టే లెక్క. ఇంకో నెల ఉండాలనుకుంది గానీ కుదరక వెళ్ళిపోయింది.

ఫ్లెక్సిబుల్ ఆఫీసు కొత్త ఆలోచనేం కాదు. అమెరికాలో హెర్మన్ మిల్లర్ కంపెనీ కోసం రాబర్ట్ ప్రాప్‌స్ట్ 1960ల్లోనే 'యాక్షన్ ఆఫీస్' తయారుచేశాడు. పనిని బట్టి మనిషి తన చోటుని మార్చుకోవాలన్నది ఆయన ఉద్దేశం. 1968లో కదిలే గోడలతో రెండో రూపం వచ్చింది. కంపెనీలు ఆ గోడల్ని చదరంగా బిగించి, తక్కువ జాగాలో ఎక్కువమందిని కూర్చోబెట్టాయి. అదే క్యూబికల్. చివరికి ప్రాప్‌స్టే దాన్ని తప్పుపట్టాడు. ఇప్పుడు క్యూబికల్ కూడా పోయి యాప్ వచ్చింది. సర్దుకునేది మాత్రం ఇప్పటికీ మనిషే.

మన వైపు మండువా లోగిలి చూడండి. పొద్దున వడియాలు ఎండిన చోటే సాయంత్రం పిల్లల చదువు, ముహూర్తం వస్తే పెళ్ళి. అలాగని అన్నీ ఒకేచోట కాదు. తలుపు వేసుకోడానికి గది, నలుగురూ కూర్చోడానికి మండువా, వచ్చేపోయేవాళ్ళకి వీధి అరుగు. ఏ పనికి ఎక్కడ కూర్చోవాలో ఇంట్లో అందరికీ తెలుసు.

ఆఫీసుకీ ఇవే కావాలనిపిస్తుంది. కాల్స్‌కి తలుపున్న గది, టీమ్ కలిసి వాదించుకోడానికి పెద్ద బల్ల, కొత్తవాడు ఊరికే కూర్చుని వినడానికి అరుగు లాంటి చోటు. మూడోది మనకి ముఖ్యం. ల్యాబ్‌లో నాకు పాయింటర్లు అర్థమైంది లెక్చర్‌లో కాదు, పక్క సిస్టమ్ వాడు తిట్టుకుంటూ డీబగ్ చేస్తుంటే చూసి. సీనియర్ ఎక్కడ కూర్చున్నాడో తెలియని ఆఫీసులో ఫ్రెషర్ ఎవర్ని చూసి నేర్చుకోవాలి?

ఐటీ, జీసీసీ పాలసీ 4.0 కింద ప్రతి నగరం, పట్టణం, మండలంలో ఐటీ ఆఫీసు స్థలాలు కట్టేవాళ్ళకి ప్రోత్సాహకాలిస్తామని 2025 ఫిబ్రవరిలో ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించారు. అమలాపురంలో అలాంటిదొకటి ఉండుంటే అక్క ఆ నెల నాన్న దగ్గరే ఉండేది. కట్టేవాళ్ళకి నాదొక్కటే మాట: ఎన్ని కుర్చీలు పడతాయో లెక్కపెట్టే ముందు, అక్కడ కూర్చునేవాళ్ళని ఒకసారి పిలిచి అడగండి.