పాత బ్యాటరీ

దసరా పండుగనాడు మన వీథులలో బారులు దీరిన కార్లు చూచుటకు ముచ్చటగా నుండును. బానెట్టుపై పసుపు కుంకుమలు, అద్దమునకు బంతిపూల దండ, చక్రముల క్రింద నిమ్మకాయలు. ఆయుధపూజను మేము నిందింపము. పనిముట్టును గౌరవింపవలెనను తలంపు మంచిదే. కాని బొట్టు పెట్టిన యజమానులలో ఆ బానెట్టు నెత్తి లోపల నేమున్నదో చూచినవా రెందరు? కుంకుమకు జానెడు క్రింద బ్యాటరీ కొనలు తెల్లని పొడిగట్టి తరిగిపోవుచుండును. కమ్మరి తన సుత్తిని పూజించును, తుడిచి దాచుకొనును గూడ. మనము పూజించి యూరకుందుము. తుడుచుట కింకొకడు రావలెను.

ఆ యింకొకని పని తక్కువదనెడి భావము మన చదువులతో బాటు పెరిగినదే గాని తరుగలేదు. చేతికి మసి యంటకుండుటయే పెద్దమనిషి లక్షణమని మనవారి నిశ్చయము. మా యింటి మారుతి 800 కారు బ్యాటరీని మేమే మార్చుకొన బూనిన ఆదివారమునాడు ఈ మాట మాకు మరల వినబడినది. ఆ కారు పాతది. 1983 లో మొదలై 2014 లో తయారీ నిలిచిపోయిన జాతి. కొన్నాళ్ళుగా ఉదయమున తాళము త్రిప్పగా మూలుగుచు, తుద కొకనాడు టిక్కుమని యూరకుండెను. వోల్టుమీటరు పెట్టి చూచితిమి. బ్యాటరీలో ఆరు గదులుండును, గదికి రెండు వోల్టులకు కొంచె మెక్కువ; నిండుగా నున్నచో అన్నియు గలిపి 12.6 చూపవలెను. ఇది రాత్రియంతయు ఛార్జి చేసినను 10.5 దాటలేదు. ఒక గది చచ్చినదని తేలిపోయినది.

పానా చేతబట్టి నిలువగనే ప్రక్కయింటి పెద్దలు గోడమీదుగా తొంగిచూచి, "ఏమండీ, ఏ కుర్రవాణ్ణయినా పిలవకూడదూ? మీ హోదాకిది తగునా?" అనిరి. "మా కారే గదండీ" యంటిమి. "కారు మీదే. పని మీది కాదు" అని తీర్పు చెప్పి, వారు కాఫీ త్రాగుటకు లోపలికి బోయిరి. మన సంఘచరిత్రను ఇంత క్లుప్తముగ మే మెన్నడును వినియుండలేదు.

ఇంతకును ఆ పని యెంత? ఉంగరములు, గాజులు, చేతిగడియారము తీసివేయవలెను. రెండు కొనల నడుమ లోహము చిక్కినచో విద్యుత్తంతయు దానిగుండ బారి వ్రేలు కాలును. నిప్పు దరిజేరరాదు, ఛార్జి యగునపుడు బ్యాటరీనుండి హైడ్రోజను వాయువు వెలువడును. పిమ్మట పది మిల్లీమీటర్ల పానాతో మొదట మైనసు గుర్తుగల తీగను విప్పవలెను. ఏల మొదట నదియే? కారు ఇనుప దేహమంతయు ఆ కొనకే చేర్చబడియుండును. ముందుగా ప్లస్సు కొనను విప్పబోయి పానా దేహమునకు తగిలించినచో మిరుమిట్లు గొలుపు రవ్వలు లేచును. మైనసు విడిపోయియున్నచో పానా దేహమున కెచ్చట తగిలినను భయము లేదు. బిగించునపుడు దీనికి తలక్రిందు: ప్లస్సు ముందు, మైనసు కడపట.

ఈ కారణమును మా పదునాలుగేండ్ల యమ్మాయికి చెప్పగా, "అయితే ఇది మంత్రం కాదు, లెక్కే" యని పానాను మా చేతినుండి తీసికొనెను. తరువాతి పని యంతయు ఆమెదే. తీగల కొనలకు పట్టిన పొడిని వంటసోడా కలిపిన వేడినీటితో కడిగి, ఆమ్లమును సోడా విరుచుటచే లేచిన నురుగును చూచి, బడిలో చదివిన పాఠము నిజమేనని యుబ్బిపోయెను. క్రొత్తదానిని అమర్చి, పట్టీ బిగించి, కొనలకు వాసెలిను పూసెను. అరగంట పట్టినది. ఆడపిల్లలకు కారు నడపుట నేర్పువారు నేడు కలరు, సంతోషము. విప్పుట నేర్పువా రేరి? క్రొత్త కార్లలో బ్యాటరీ తీసినంతనే గడియారము, రేడియో మతి గోలుపోవునవి కలవు గావున పుస్తకము చూచి చేయవలెను. మా ముసలిదానికి పోగొట్టుకొనుటకు మతియే లేదు.

అంతటితో ముగిసియుండిన ఈ వ్యాసము వ్రాయ బనిలేదు. పాత బ్యాటరీ అరుగుమీద మిగిలినది. మెకానిక్కు వచ్చియుండినచో దానిని గూడ కొనిపోయెడివాడు. మే మా దిక్కు చూచియుండము. చేతులతో దింపిన పది కిలోల బరువు మాత్రము, నన్నెచ్చటికి పంపెదవని యడుగును. అందు సగమునకు పైగా సీసము, దానితో గంధకామ్లము. 1859 లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను ఆ యామ్లములో ముంచి చేసిన యుపాయమే నేటికిని మన కార్లలో కూర్చున్నది. 1912 నాటి క్యాడిలాక్ కారునకు విద్యుత్తు స్టార్టరు వచ్చినది మొదలు కడ్డీ పెట్టి చేతితో త్రిప్పు బాధ క్రమముగా తప్పినది. ఆ సుఖము మనది. సీస మెవరిది?

సాయంత్రము పాతసామానుల బండివాడు వాకిట నిలిచి, దుకాణదారు తగ్గించెదనన్న దానికంటె రెండువంద లెక్కువ యిత్తుననెను. దీని నేమి చేయుదువని యడిగితిమి. "ఊరి బయట పగలగొట్టి కరిగిస్తారు బాబుగారూ. సీసానికి మంచి గిరాకీ" అని దాపరికము లేక చెప్పెను. అట్టిచోట ఆమ్లమును నేలపై పారబోయుదురు. సీసము పొగయై, ధూళియై గుడిసెలపై దిగును. బిడ్డలు ఆ మట్టిలో నాడి చేతులు నోట బెట్టుకొందురు. సీసము పసివారి మెదడును దెబ్బతీయును. ఇంతవరకు హాని లేదనదగిన మోతాదే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. సెనెగల్ దేశమున డకార్ నగర శివారున బ్యాటరీల సీసమును కూర్చుకొన్న యొక వాడలో, 2007 నవంబరునకును 2008 మార్చికిని నడుమ 18 మంది పిల్లలు మరణించిరి. లోకములోని పిల్లలలో మువ్వురి కొకరి రక్తమున సీసము ఆందోళన గొలుపు మేరలో నున్నదని 2020 లో యునిసెఫ్ నివేదిక తెలిపినది.

బండివానిని దూషించుట తేలిక. వాని బిడ్డలే మొదట ఆ ధూళిని పీల్చువారు. ఆ రెండువందలు ఎచ్చటినుండి వచ్చెను? పొగను వడగట్టని కొలిమికి, ఆమ్లమును శుద్ధిచేయని పెరటికి ఖర్చు తక్కువ. గనుకనే వాడు మనకెక్కువ యీయగలడు. కొందరిని ఊరివెలుపల నుంచిన సంఘము తన విషమును గూడ ఆ వెలికే పంపి, పైపెచ్చు దానికి లాభము పుచ్చుకొనుచున్నది. చట్టము లేకపోలేదు. పాత బ్యాటరీని అమ్మకందారు తిరిగి తీసికొనవలెనని 2001 నిబంధనలే విధించెను. 2022 లో వచ్చిన క్రొత్తవి తయారీదారుల నెత్తిన బాధ్యత మోపి, నమోదైన శుద్ధిశాలలకే చేర్పుమనుచున్నవి. అచ్చట కరగిన సీసము మరల బ్యాటరీయే యగును. కారున కొకటే యనుకొందుము గాని, ఎన్ని యిండ్లలో మెట్లక్రింద దీనికి నాలుగైదింతల బరువుగల ఇన్వర్టరు బ్యాటరీలు బండివానికై కాచుకొనియున్నవో!

మరునాడు దానిని వాలకుండ ప్లాస్టిక్కు తొట్టిలో నిలిపి, అమ్మాయియు మేమును దుకాణమునకు గొనిపోయితిమి. దుకాణదారు తూచి, చెప్పిన మొత్తము మా చేతిలో పెట్టెను. "ఇది ఇక్కడి నుంచి ఎక్కడికి పోతుందండీ?" యని అమ్మాయి యడిగెను. "కంపెనీ లారీ వస్తుందమ్మా." "అయితే ఆ మాట చీటీమీద రాసివ్వండి." అతడామెను, మమ్మును మార్చి మార్చి చూచెను. "ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదమ్మా" యని బల్లసొరుగులో కలము కొరకు వెదకనారంభించెను.