ప్రధానము తరువాత



క్రిస్మసు గడచిన మూడవ దినమున మా చిన్న కుమార్తెకు ప్రధానము జరిగినది. మన సంఘములలో ఈ కాలమున ప్రధానములు మెండు. దూరముననున్న బిడ్డలు సెలవులకు ఇల్లు చేరుదురు; బంధువులకు వేరుగా దారిఖర్చు ఉండదు. క్రిస్మసు కథయు మరియ యోసేపుల ప్రధానముతోనే మొదలగును గదా! వరుడు విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున ఉద్యోగి. ఉంగరములు మార్చుకొనిరి, ప్రార్థించితిమి, కేకు తింటిమి.

నూతన సంవత్సరపు ఆరాధన ముగిసిన సాయంకాలము నోటుపుస్తకము తెరచి కూర్చుంటిని. మొదట తారీఖు. శ్రమకాలమున మేము పెండ్లిండ్లు చేయము గనుక ఈస్టరు దాటిన వారమని వ్రాసితిని. మూడు ఆదివారములు ప్రకటన చదువవలెను. వరునికి 21, వధువునకు 18 నిండినట్లు పత్రములుండవలెను. తల్లిదండ్రులారా, ఆ పదవ తరగతి పత్రమును ఇప్పుడే వెదకి ఉంచుకొనుడి. కడపటి వారమున దానికొరకు పరుగెత్తినవారిని ఎందరినో చూచితిని. ఇవన్నియు అర పుటలో తీరెను.

తరువాతి పుటలో నా చేయి తడబడెను.

ప్రధానము నాడు వరుని తల్లి నవ్వుచు, "మాకేమియు వద్దు అయ్యగారూ. మీ అమ్మాయికి మీరేమి పెట్టుకొందురో మీ ఇష్టము" అనెను. ఈ మాట మీరును వినియుందురు. పెద్ద కోడలు కారుతో వచ్చినదని ఆమె చెల్లెలు అదే సాయంకాలము నా భార్య చెవిని వేసెను. ఇరువదియైదు సంవత్సరములు కట్నమునకు విరోధముగా ప్రసంగించిన నేను ఆ రాత్రి 'కారు' అని వ్రాసితిని. పది గ్రాముల బంగారము 2025లోనే లక్ష రూపాయలు దాటినదని ఎరిగియు 'పదిహేను తులములు' అని వ్రాసితిని. ఎదుట 'ఊరిలోని అరయెకరము అమ్మకము' అని వ్రాసితిని. మా తండ్రి విశాఖ రేవులో మాంగనీసు ఖనిజము మోసి కొన్న నేల అది. ఆ పుటకు కానుకలని పేరు పెట్టితిని.

మా అమ్మాయి ఆ పుస్తకము చూచెను.

"నాన్నా, వారు అడిగినారా?"

"అడుగలేదమ్మా."

"మరి ఎవరికి భయపడి వ్రాసినారు?"

నేను జవాబు చెప్పలేకపోతిని. కానా పెండ్లిలో ద్రాక్షారసము చాలకపోయినదని మనము ఎరుగుదుము; ఆ ఇంటివారు పొలము అమ్మిరని సువార్త చెప్పదు. 1961 నాటి వరకట్న నిషేధ చట్టమును మరల తీసి చదివితిని. అది పుచ్చుకొనువారితోపాటు ఇచ్చువారిని కూడ శిక్షించును. అడుగకయే పెట్టు కానుకలకు సెలవున్నది గాని, వధువువైపు వారు పెట్టునవి ఆచారమైనవై, వారి స్థితికి మించనివై, జాబితాలో వ్రాయబడి యుండవలెను. నా జాబితా సిద్ధముగానే యుండెను, నా స్థితికి మాత్రము మించి యుండెను.

మరుసటి శనివారము నేనును నా భార్యయు పాత ఊరినుండి బస్సెక్కి ఉక్కునగరమునకు పోతిమి. పెండ్లి గుడిలో, భోజనము గుడి ఆవరణలో, మా అమ్మ విడిచిన నాలుగు తులములు, అంతకు మించి లేదని చెప్పితిని. నా గొంతు ఎండినది. సంబంధము చెడునేమోనను భయము నాకుండెను, మీకు దాచనేల?

వియ్యంకుడు చాలసేపు మాటలాడలేదు. 1971లో శంకుస్థాపన జరిగిన ఆ కర్మాగారము కొరకు పొలము పోగొట్టుకొన్నవారిలో ఆయన తండ్రి ఒకడు. "పొలము పోయిన దినమున మా నాయన అన్నము ముట్టలేదు. మీది అమ్మవద్దు అయ్యగారూ" అనెను. వియ్యపురాలు టీ తెచ్చుటకు లేచి వెళ్లెను. టీ కోడలు తెచ్చి యిచ్చెను.

గడచిన ఆదివారము మొదటి ప్రకటన చదివితిని. అభ్యంతరమెరిగినవారు తెలుపవలెనని చెప్పి కొంచెము ఆగుట వాడుక. ఎన్నో పేర్లకు అట్లు ఆగితిని. ఈసారి ఆ కొంచెము చాల పొడవైనది. ఎవరును లేవలేదు.

మా అమ్మ గొలుసు కరగించి మంగళసూత్రము చేయింపవలెను. కురుపాం మార్కెట్టుకు కలిసి పోదము రమ్మని నా భార్య వియ్యపురాలికి కబురంపినది. వచ్చెదనని గాని రానని గాని ఆమె ఇంకను చెప్పలేదు.