లీటరుకి ఇరవై

పెట్రోలు బంకులో ఇప్పుడెవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "ఆయిలెంత కొట్టమంటారు?" స్కూటరుకి స్టాండేసి, సీటెత్తి, ట్యాంకు మూత చేత్తో పట్టుకుని నిలబడ్డ మనిషి "రెండు లీటర్లకి నలభై ఎమ్మెల్" అనేవాడు, బంకు కుర్రాడు జిడ్డోడుతున్న ఆ రేకు డబ్బా పిడి తిప్పి చిన్న కొలపాత్రలోకి 2టీ ఆయిలు దించి, పాత్ర అడుగుదాకా ఖాళీ అయిందని మనం చూసేలా ట్యాంకులోకి వంచి పట్టుకునేవాడు. ఆయిలు ముందు పడాలి, దాని మీద పెట్రోలు ధార పడితే రెండూ వాటంతటవే కలుస్తాయి. వరస తప్పితే హ్యాండిలు పట్టుకుని బండిని అటూ ఇటూ ఊపడమే, వెనక వరసలో ఎవరు విసుక్కున్నా సరే.

టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిలుకంటూ వేరే గది లేదు. పెట్రోలుతోపాటే లోపలికి పోయి, బేరింగుల్నీ పిస్టన్‌నీ తడిపి, చివరికి తనూ కాలిపోయి సైలెన్సరులోంచి నీలంపొగై బయటికొస్తుంది. తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువ పోస్తే ప్లగ్గు నల్లగా తడిసి, కిక్కు కొట్టీ కొట్టీ పిక్క లాగేస్తుంది. కంపెనీ పుస్తకంలో నూటికి రెండు పాళ్లని ఉన్నా, ఎవరింటి ఆవకాయకి వాళ్ల ఉప్పు ఉన్నట్టు, చేతక్‌కీ ప్రియాకీ విజయ్ సూపర్‌కీ హైదరాబాద్ ఆల్విన్ వాళ్ల పుష్పక్‌కీ యజమాని లెక్క యజమానిదే: కొత్త బండికి కాస్త ఎక్కువ, ఎండాకాలం దూరప్రయాణానికి ఇంకో మూత. ఆ మూత సాధారణంగా దగ్గుమందు సీసాది. డిక్కీలో ఆ సీసా, ప్లగ్గు పానా, కార్బన్ గీకే ఉప్పుకాగితం ముక్క, పాత బనీను గుడ్డలో చుట్టిన ఇంకో ప్లగ్గు, వీటి మధ్య జిడ్డు పీల్చి అంచులు అద్దంలా కనబడే ఆర్సీ పుస్తకం. ముందు కొక్కేనికి తగిలించిన సంచీలోని గోంగూరకి కూడా ఆ వాసన కాస్త అంటేది. 1985లో వచ్చిన ఆరెక్స్ 100 మోటారుసైకిలుకి ఆయిలు ట్యాంకు విడిగా, కలిపే పంపు దానిలోనే. దాని యజమానులు బంకులో బండి ఊపేవాళ్లు కారు, మనవైపు చూసే చూపులో ఆ సంగతి తెలిసేది.

అంత గొప్పగానూ లేదులెండి. ఉదయాన్నే వరండాలో చల్లబడ్డ ఇంజన్ని రాజేస్తే ఇల్లంతా పొగ, లోపల ముసలావిడ దగ్గు, చక్రం కింద ఎన్నిసార్లు కడిగినా పోని మరక. కొలపాత్రలో పడుతున్నది అసలు ఆయిలో, వాడి పారేసిన ఇంజనాయిలు కలిసిందో తేల్చుకునే దారి లేదు, ముక్కు తప్ప. పైగా ఈ ఇంజను కొంత పెట్రోలుని కాల్చకుండానే పొగతోపాటు బయటికి తోసేస్తుంది, కలిపే చెయ్యి ఎంత నికరమైనదైనా ఆ దోషం పోదు. 1990ల చివర ఢిల్లీలో విడి ఆయిలు అమ్మకం ఆపి, బంకులోనే కలిపి పొయ్యాలన్నారు. అంతకు చాలా ముందే, 1985లో వచ్చిన ఫోర్ స్ట్రోక్ బండి హీరో హోండా సీడీ 100 ప్రకటన పెట్రోలు పోయించి మూతపెట్టి ఇక మర్చిపొమ్మంది. మర్చిపోయాం. ఇంజన్లో ఏం జరుగుతోందో తెలియకపోయినా బండి నడుస్తుందనే ధీమా అప్పుడు కొత్తది. ఇప్పుడు చేతక్ పేరుతోనే బ్యాటరీ బండి తిరుగుతోంది, పెట్రోలు ట్యాంకే లేదు.

ఇంకా కలిపేవాళ్లున్నారు, ఊళ్లోకంటే చేలల్లో. గుంటూరు వైపు మిరప తోటలో మందు కొట్టే పవర్ స్ప్రేయరుకి గీతలున్న కలుపుడు సీసా ఒకటి కొన్నప్పుడే ఇస్తారు, ఇన్ని పాళ్ల పెట్రోలుకి ఆయిలు ఇక్కడిదాకా అని. మొదటి సీజనులోనే అది ఎక్కడో పోతుంది, ఆ తర్వాత మంచినీళ్ల సీసా మూతే కొలత. గట్టు మీద కూచుని మూతతో ఆయిలు పోసి, డబ్బా బిగించి గిలకరించి, తాడు లాగి, చెవులు చిల్లులు పడే ఆ మోతని వీపున ఎత్తుకుని సాళ్లలోకి దిగే రైతునొకణ్ణి అడిగాను. వచ్చే ఏడు బ్యాటరీది తీసుకుంటాడట, పెట్రోలు ఖర్చుండదు, మోత ఉండదు, రాత్రి ఛార్జింగు పెడితే సరి. మరి దీన్ని అమ్మేస్తావా అంటే, ఎవరు కొంటారండీ, అన్నాడు.