టీసీ లేని పిల్ల

"ఇల్లు కట్టి చూడు" అని పెద్దలు ఊరికే అనలేదు. నవలలో అయితే నాలుగు వాక్యాల్లో మేడ కట్టేస్తాను గానీ, నిజం ఇంటికి ఇటుకలు కావాలి కదా! పోయినేడు కార్తీకమాసంలో మావారూ, నేనూ పెద్దపల్లి దగ్గర ఒక ఇటుక బట్టీకి వెళ్ళాం. ఆయన బేరంలో పడ్డారు. నాకు బేరాలు రావని ఆయనకి గట్టి నమ్మకం కనుక నేను చెట్టుకింద కూర్చున్నాను.

ఎదురుగా ఒక పిల్ల. తొమ్మిదేళ్ళుంటాయేమో. పచ్చి ఇటుకల్ని ఒక్కొక్కటే ఎండకి తిరగేస్తోంది. చంకలో తమ్ముడు. వాణ్ణి దించితే ఏడుపు, ఎత్తుకుంటే పని సాగదు. ఒడిశాలోని బలంగీర్ జిల్లా వాళ్ళట. అక్కడ నువాఖాయి పండగయ్యాక అడ్వాన్సు పుచ్చుకుని ఇటు వస్తారు. మళ్ళీ వానలకి ముందు పోతారు. కూలి రోజుకింత అని కాదు, వెయ్యి ఇటుకలకి ఇంత అని. అందుకే చిన్న చేతులు కూడా లెక్కలోకొస్తాయి.

నాకొచ్చిన హిందీలో "ఏ క్లాసు?" అని అడిగాను. నాలుగు వేళ్ళు చూపించి, గుడిసెలోకి పరుగెత్తి నోటుపుస్తకం తెచ్చింది. గుండ్రటి ఒడియా అక్షరాలు. చక్కటి దస్తూరీ. సగం దాకా ఉన్నాయి. తర్వాతన్నీ తెల్లకాగితాలే.

"ఇటుకలు చూడమంటే పుస్తకాలు చూసొచ్చావా?" అన్నారు మావారు. ఆ తెల్లకాగితాలు నన్ను నిద్రపోనివ్వలేదు మరి.

వారం తర్వాత తల్లిని ఒప్పించి ఆ పిల్లని దగ్గర్లో ఉన్న బడికి తీసుకెళ్ళాను. (ఒప్పించానని ఒక్క ముక్కలో రాశాను గానీ, "చిన్నవాణ్ణి ఎవరు చూస్తారు?" అంటే నా దగ్గర జవాబు లేదు. చివరికి వాడూ వెంట వచ్చాడు.) హెడ్మాస్టరుగారు కళ్ళజోడు సవరించుకుని "టీసీ ఏదమ్మా?" అన్నారు.

నేనూరుకుంటానా? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చిందనీ, 2010 ఏప్రిల్ నుంచి అమల్లో ఉందనీ, ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్ని టీసీ లేదని వెనక్కి పంపకూడదనీ, వయసుకి తగ్గ తరగతిలో కూర్చోబెట్టి, వెనకబడితే ప్రత్యేకంగా చెప్పాలనీ గడగడా అప్పజెప్పాను.

ఆయన కోప్పడలేదు. "కూర్చోబెడతానమ్మా, దానికి నా సంతకం చాలు. కానీ నాకు ఒడియా రాదు, ఈ పిల్లకి తెలుగు రాదు. పైగా ఇక్కడ సగం పాఠాలు అయిపోయాయి. ఏం చెప్పమంటారు?" అన్నారు.

నా నోట మాట రాలేదు. మావారికి పూణే బదిలీ అయినప్పుడు మా అమ్మాయిది ఇదే అవస్థ. మరాఠీ రాక రోజూ ఏడుపే. వెంటనే ట్యూషను పెట్టించాం. చెప్పే మాస్టారికి కాఫీలు, బిస్కట్లు! బడిలో టీచరు కూడా "పాపం, కొత్త పిల్ల" అని ముందు బెంచీలో కూర్చోబెట్టుకుంది. మా అమ్మాయేమో కొత్త పిల్ల. ఇదేమో టీసీ లేని పిల్ల. తేడా ఏమిటో మీరే చెప్పండి.

తెలంగాణలో కొన్ని బట్టీల దగ్గర ఒడియా వచ్చిన టీచర్లతో, ఒడియాలోనే బడులు నడిపారట. "అలాంటిది ఇక్కడుంటే నాకీ తిప్పలెందుకు?" అన్నారాయన. ఇక్కడ లేదు. ఉన్నవల్లా ఒక బెంచీ, మధ్యాహ్న భోజనం, ఆయనా. అంకెలకి భాషతో అంత పని లేదని ముందు లెక్కలు మొదలుపెట్టారు. వారానికి మూడు రోజులొస్తే గొప్ప. బట్టీ కాల్చేటప్పుడు అదీ లేదు. సంక్రాంతికి నేను వెళ్ళేసరికి "మావుసీ!" అని పరుగెత్తుకొచ్చి, ఎక్కాలతో పాటు రెండు తెలుగు తిట్లు కూడా అప్పజెప్పింది. చదువు వంటబడుతున్నట్టే అనుకున్నాను.

ఈలోగా మా గోడలు లేచాయి. ఆ ఇటుకల్లో ఎన్ని ఆ చేతులు తిరగేశాయో మావారు అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఏప్రిల్లో బడి మూసే ముందు హెడ్మాస్టరుగారు ఒక కాగితం రాశారు. ఈ అమ్మాయి ఇన్నాళ్ళు మా బడికి వచ్చింది, దయచేసి అయిదో తరగతిలో కూర్చోబెట్టండి అని. ముద్ర వెయ్యబోతూ చటుక్కున ఆగిపోయారు.

"ఈ తెలుగు బలంగీర్లో ఎవరు చదువుతారమ్మా?"

ఇద్దరం కూర్చుని మళ్ళీ ఇంగ్లీషులో రాశాం. పిల్ల ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి నోటుపుస్తకంలో దాచుకుంది. తమ్ముడు లాగబోతే చేతి మీద ఒక్కటేసింది.