భూగర్భమున ఆకాశము

పాతాళమునకు దిగి ఆకాశమును చూచుట యనిన మీకు వింతగా తోచవచ్చును. రష్యా రాజధానియగు మాస్కో నగరమున ‘మయకోవ్‌స్కయా’ యను మెట్రో రైలు స్టేషనునందు మేమట్లే చూచితిమి.

కవి వ్లదీమిర్ మయకోవ్‌స్కీ పేరిట నీ స్టేషను 1938 సెప్టెంబరు 11వ తేదీన తెరువబడెను. ఇది నేలకు 33 మీటర్ల లోతున నున్నది. తమంత తాము కదలు మెట్లపై నిలిచి దిగితిమి. ఇంత లోతున మీది మట్టిబరువు నోర్చుటకు దళసరి దిమ్మెలు కట్టుట వాడుక. అందుచే లోపలి భాగము వేర్వేరు గుహలవలె నుండును. శిల్పి అలెక్సేయ్ దూష్కిన్ ఆ దిమ్మెలను మాని, ఉక్కు స్తంభములు నిలిపెను. భారము నుక్కు మోయగా, గుహలన్నియు నొక్క విశాల మంటపమయ్యెను. ఆ స్తంభములకు తొడిగిన తుప్పుపట్టని రేకులు మన వంటయింటి స్టీలు పాత్రలవలె నేటికిని తళతళలాడుచున్నవి.

పైకప్పున లోతైన గూళ్లలో, రంగు గాజుముక్కలతో కూర్చిన చిత్రములు 34 గలవు. చిత్రకారుడు అలెక్సాంద్ర్ దేయ్‌నేకా. ఉదయము మొదలు రాత్రివరకు, మరల తెల్లవారువరకు గల ఆకాశమును, అందెగురు విమానములను ఆతడు వ్రాసెను. సరిగా క్రిందికి వచ్చి తలయెత్తినగాని యేదియు పూర్తిగా కానరాదు.

రైలు వచ్చువరకు రెండు నిమిషములు నిలుచు చోటికి నింత సొగసేల యని మాలో నొకరడిగిరి. దీనికి 1941వ సంవత్సరమే ప్రత్యుత్తర మొసగినది. ఆ జూలై మాసమున జర్మను విమానములు మాస్కోపై బాంబులు కురియ నారంభించెను. మెట్రో స్టేషనులు ప్రజలకు తలదాచుకొను చోటులయ్యెను. లక్కయింటినుండి కొడుకులతో బిలమార్గమున వెడలిన కుంతీదేవివలె, తల్లులు బిడ్డల నెత్తుకొని దిగివచ్చిరి. శత్రువు నగరమును సమీపించుచుండగా, నవంబరు 6వ తేదీన స్టాలిన్ ఈ మంటపముననే సభ జరిపి ప్రసంగించెను.

మీది నిజమైన ఆకాశము నిప్పులు గురియుచుండ, క్రింది చిత్రాకాశము నిర్మలముగా నుండెను. నిదురపట్టని తల్లి కన్ను తెరచినపుడు నల్లని మట్టిగోడకు మారుగా తెల్లవారుచున్న యాకాశము కనబడుట స్వల్పమైన మేలా? కూడు, గూడు చాలునని, అందము ధనికుల ముచ్చటయని యనువారు కలరు. ఆపదవేళ పేదతల్లికి సైత మది యాసరా కాగలదని మాకు తోచుచున్నది. గృహము దిద్దుకొను మనము ఈ మాట మరువరాదు.