నారా నగరమున ఒక దినము

జపాను దేశము చూచి వచ్చినవారు కియోటో ముచ్చట చెప్పుదురు గాని, అంతకు పూర్వము రాజధానియైన నారా ముచ్చట చెప్పువారు తక్కువ. క్రీ. శ. 710 మొదలు 784 వఱకు, నడుమ కొన్ని యేండ్లు తప్ప, ఆ దేశమునకు నారాయే ముఖ్యపట్టణము. మా అమ్మాయి ఉద్యోగరీత్యా ఒసాకాలో నున్నది. గత వసంతమున నేనచటికి పోయినప్పుడు, ఒకనాటి యుదయమున మేమిద్దఱము రైలెక్కి నారాకు బయలుదేరితిమి. ముప్పావు గంట ప్రయాణము.

స్టేషను దాటి కొంత దూరము నడచునప్పటికే ఉద్యానవనము, అందు జింకలు! కంచె లేదు, కట్టు లేదు. వేయికి పైగా నున్నవట. కసుగ దేవాలయపు దేవుడు పూర్వము తెల్లజింక నెక్కి వచ్చెనని స్థలపురాణము. కావున వీనిని దేవుని దూతలుగా నెంచి ఎవ్వరును హింసింపరు. నేను కణ్వాశ్రమమును తలచుకొని మురియుచుండగనే ఒక జింక వెనుకనుండి వచ్చి నా కొంగు నమలసాగినది! తవుడు, పిండి కలిపి చేసిన బిళ్లలు అచట అమ్ముదురు. బిళ్ల చూపినచో జింక తలవంచి నమస్కరించును. ఇచ్చుట కాలస్యమైనచో పొడుచును. "మనుష్యుల మర్యాదయు నింతే కదమ్మా" యని అమ్మాయి నవ్వినది.

అచటినుండి తోదైజీ యను మహాలయమునకు పోతిమి. షోము చక్రవర్తి కాలమున దేశమున మశూచి ప్రబలి అసంఖ్యాకులు మరణించిరి, పంటలును చెడినవి. ఆ దుఃఖము నుపశమింపజేయ గోరి ఆయన 743లో వైరోచన బుద్ధుని మహావిగ్రహమును పోయింప సంకల్పించెను. గడ్డిపరకయో, గుప్పెడు మన్నో తెచ్చి యిచ్చువాడైనను ఈ పనిలో పాలుగొనవచ్చునని చాటించెనట. విగ్రహము సుమారు 50 అడుగుల యెత్తు. గడప దాటి తలయెత్తి చూచితిని. ఆ చేయి చూచినప్పుడు భయము వేయలేదు. ఏడ్చు బిడ్డను ఊరకుండుమని వారించు తల్లి చేయివలె నున్నది.

752లో ఆ విగ్రహమునకు నేత్రోన్మీలనము చేసినవాడెవ్వరో యెఱుగుదురా? మన భారతదేశపు భిక్షువు, బోధిసేనుడు. ఆయన 736లో సముద్రము దాటి జపాను చేరెను. మరల స్వదేశమునకు రాలేదు. ఆనాడు ఆయన చేతి కుంచెకు పొడవైన నీలి పట్టుత్రాడు కట్టి, దాని నచట కూడినవారు పట్టుకొనిరట. కన్ను దిద్దినది ఒక్క చేయియే యైనను పుణ్యము అందఱిది కావలెనని. మన యిండ్లలో శుభకార్యమునకు పదిమంది చేతులు తాకవలెననుట లేదా!

అయితే బోధిసేనుడు దిద్దిన ఆ కన్నులు నేడు లేవు. 1180లోను 1567లోను యుద్ధాగ్నికి ఆలయము కాలినది. విగ్రహమునకు శిరస్సు మరల పోసిరి. ఇప్పటి మందిరము 1709 నాటిది. అంతటి లోహము కరగిపోగా, ఆ కుంచెయు, ఆ పట్టుత్రాడును చెక్కుచెదరక నేటికిని ఉన్నవి! ఇది విని నేను నమ్మలేదు. అవి యెట్లు నిలిచినవో తెలిసికొనుటకై ఆలయము వెనుకనున్న షోసోయిన్ యను భాండాగారమునకు నడచితిమి.

అది దూలములతో కట్టిన చెక్కయిల్లు, స్తంభములపై నేలకెత్తుగా నిలిచి యున్నది. లోపలికి పోనీయరు, వెలుపలినుండి చూడవలసినదే. వస్తువుల నిప్పుడు సమీపమున కట్టిన క్రొత్త భవనములలో భద్రపఱచినారు. ప్రతి సంవత్సరము శరదృతువున మాత్రము కొన్నింటిని వస్తుప్రదర్శనశాలలో కొలది దినములు చూపుదురట. మేము పోయినది వసంతమున.

756లో షోము చక్రవర్తి పరలోకగతుడయ్యెను. నలువది తొమ్మిదవ దినమున ఆయన పట్టమహిషి కోమ్యో, భర్త వాడుకొన్న వస్తువులను ఆఱువందలకు పైగా మహాబుద్ధునకు సమర్పించినది. దుస్తులు, అద్దములు, ఆటపలకలు, వాద్యములు. వానిని చూచిన కొలది పూర్వదినములు జ్ఞప్తికి వచ్చి హృదయము బ్రద్దలగుచున్నదని సమర్పణపత్రములో వ్రాయించినదట. నేడు ప్రపంచమున మిగిలిన ప్రాచీనమైన అయిదు తంత్రుల బివా యను వీణ యది యొక్కటే. ఆమె యింట దాచుకొన్నచో ఏ మంటలోనో పోయెడిది.

అదే దినమున ఔషధములను గూడ 60 రకములు సమర్పించి, రోగులకు వలసినచో వాడవచ్చునని వ్రాయించినది. ఇంతకు పూర్వమే 730లో బీదరోగులకు మందులిచ్చు శాలను స్థాపించిన ఇల్లాలు గదా! ఆ ఔషధములలో దాల్చినచెక్క, మిరియములు, పిప్పళ్లు నున్నవి. మన పోపులపెట్టె సరకులే! మిరియమునకు పుట్టిల్లు మన మలబారు తీరము. ఆ కాలమున నవి ఎన్ని చేతులు మాఱి అంతదూరము చేరినవో.

కోమ్యోయు బోధిసేనుడును 760లోనే గతించిరి.

నా మాటయు నొకటి చెప్పవలెను. మావారు పోయి రెండేండ్లైనది. ఆయన ఫిడేలు పెట్టెలోనే యున్నది. తాళపుచెవి నా యొద్ద. ఎవరైన నేర్చుకొను పిల్లల కిమ్మని అమ్మాయి రెండు మాఱులు చెప్పినది. రెండు మాఱులును నేను కోపపడితిని. షోసోయిన్ ఎదుట అమ్మాయి ఆ మాట యెత్తలేదు, నేనును ఎత్తలేదు.

తరువాత ఇసుయియెన్ అను తోటలో కొంతసేపు కూర్చుంటిమి. కొలను, రాళ్లు తోటవి. ఆవలి కొండయు, తోదైజీ మహాద్వారపు కప్పును పరాయివి. అయినను అన్నియు కలిసి ఒక్క తోటయే యనిపించునట్లు కూర్చినారు. సాయంకాలము కసుగ ఆలయమున దీపస్తంభములును, వ్రేలాడు కంచు దీపములును కలిపి మూడువేల దీపములను చూచితిమి. సంవత్సరమునకు రెండు మాఱులు మాత్రమే అన్నింటిని వెలిగింతురట. మాకు చూడ నోచుకొన్నది నాచుపట్టిన రాళ్లు.

తిరుగు రైలులో అమ్మాయి కునుకు తీయుచుండెను. లేపి, తంత్రులు మార్చువాడు మన ఊరిలో ఇంకను ఉన్నాడేమో కనుగొనుమంటిని. "ఎవరి కమ్మా?" యని యడుగలేదు. సంచిలోనుండి కాగితము తీసి వ్రాసికొన్నది.