తినే వచ్చాను హజ్రత్

కర్నూలులో మా మొహల్లా మస్జిదు పైగదిలో ఏడాదికి పైగా ఒక పఠన బృందం నడుస్తున్నది. నెలకొక పుస్తకమో, ఒక మంచి కథో ఎంచుకొని, ఎవరి ఇంట్లో వారు చదువుకొని, నెలాఖరు ఆదివారం నాడు కూర్చుని మాట్లాడుకోవడం దాని పద్ధతి. మొదలుపెట్టినవారము మేమే గనుక దాని మంచిచెడ్డల బాధ్యత కూడా మాదే. పైగదికి వచ్చేవారు ఎనిమిది తొమ్మిది మందికి మించేవారు కారు. వారిలో అత్యధికులు గడ్డాలు నెరిసినవారే. స్త్రీలు కూర్చునే వసతి అక్కడ లేదు. యువకులు మెట్ల దాకా వచ్చి, లోపల పెద్దలను చూసి వెనుదిరిగేవారు.

"ఒక్కసారి హోటలులో పెట్టి చూద్దాం హజ్రత్, నలుగురూ వస్తారు" అని బృందంలోని ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు సూచించారు. మాకు మొదట రుచించలేదు. విద్యా గోష్ఠికి గ్లాసుల చప్పుడెందుకని అనిపించింది. అయితే ఆలోచించగా అది కొత్త సంగతి కాదని తోచింది. బాగ్దాదు నగరంలో పుస్తకాల అంగళ్లకు పేరుగాంచిన ముతనబ్బీ వీధిలో షాబందర్ కాఫీ హోటలు 1917 నుండి చదువరులకు నెలవుగా ఉన్నది. 2007 మార్చిలో ఆ వీధిలో జరిగిన బాంబు పేలుడులో దాని యజమాని నలుగురు కుమారులను కోల్పోయి కూడా దానిని మళ్లీ తెరిచాడు. మన హైదరాబాదులోనూ ఆబిడ్స్‌లోని ఒకనాటి ఓరియెంట్ హోటలు కవులకూ రచయితలకూ కూడలిగా ఉండేది. చోటు కంటే కూర్చున్నవారి ఉద్దేశమే ముఖ్యమని సమాధానపడి అంగీకరించాము.

ఏర్పాట్లన్నీ శ్రద్ధగానే చేశాము. ఆదివారం అసర్ నమాజు తరువాత, రాత్రి భోజనాల రద్దీ మొదలు కాకముందు హోటలు ఖాళీగా ఉంటుంది గనుక ఆ వేళను నిర్ణయించాము. యజమాని దీనదారు మనిషి. గదికి అద్దె వద్దన్నాడు. స్త్రీలకు తెర వెనుక వేరుగా బల్లలు వేయించాడు. ముందు ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కట్లు. మగ్రిబ్ తరువాత బిర్యానీ. తలకు 150 రూపాయలు. ఎవరి వాటా వారు చెల్లిస్తే ఎవరి మీదా భారం పడదని, ఇదే న్యాయమని మేమే తీర్మానించి, ప్రవేశద్వారం వద్ద ఒక నోటుపుస్తకం పెట్టించాము.

చదవడానికి ప్రేమ్‌చంద్ 1933లో ప్రచురించిన 'ఈద్‌గాహ్' కథను ఎంచుకున్నాము. అది ఉర్దూ, హిందీ, తెలుగు మూడింటిలోనూ లభిస్తుంది గనుక ఎవరికి వచ్చిన లిపిలో వారు చదువుకోవచ్చు. మౌల్వీ సాహెబు వద్ద ఉర్దూ ఫారసీలు నేర్చుకొని చదువు ప్రారంభించిన రచయిత అన్న అభిమానం కూడా మాకు లేకపోలేదు. కథ పాఠకులకు తెలిసినదే. తల్లిదండ్రులు లేని పసివాడు హామిద్ మూడు పైసలతో పండుగ సంతకు పోతాడు. తోటివారు బొమ్మలు కొని, మిఠాయిలు తింటారు. వాడు మాత్రం రొట్టెలు కాల్చేటప్పుడు చేతులు కాల్చుకునే నానమ్మ కోసం పట్టకారు కొనుక్కొని వస్తాడు.

ఆనాడు ఇరవైమూడు మంది వచ్చారు. తెర వెనుక తొమ్మిది మంది స్త్రీలున్నారు. చర్చ ఎక్కువగా హామిద్ త్యాగం మీదనే సాగింది. అంతలో వెనుక బల్ల వద్ద నుండి ఒక యువకుడు లేచాడు. అతడు బైకులు బాగుచేసే షెడ్డులో పనివాడు. చిన్ననాడు మా వద్దనే ఖాయిదా, నాజిరా ముగించాడు. "త్యాగం తరువాత సంగతి హజ్రత్. తోటివాళ్లు తింటుంటే మిఠాయి మంచిది కాదని కితాబులో రాసి ఉందని హామిద్ అంటాడు కదా, నాకు అక్కడ ఆగిపోయింది. వాడికి తినాలని ఉంది. డబ్బు లేదని చెప్పలేక కితాబు మీద పెట్టాడు" అన్నాడు. గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఏడాదిగా మా గోష్ఠిలో అంత లోతైన మాట ఎవరూ అనలేదు. మేము అతనిని మనసారా అభినందించాము.

మగ్రిబ్ నమాజు ముగించుకొని వచ్చేసరికి బిర్యానీ వడ్డన మొదలైంది. ఆ యువకుని ముందు చాయ్ గ్లాసు మాత్రమే ఉన్నది. "నీకు పళ్లెం ఏది బేటా?" అని అడిగాము. "తినే వచ్చాను హజ్రత్" అని నవ్వాడు. మేమూ నవ్వి మా పళ్లెం వైపు తిరిగాము.

భోజనాలయ్యాక కూడా మాటలు ఆగలేదు. కొత్తవారు వచ్చారన్న ఉత్సాహంలో మేమే చర్చను పొడిగించాము. గుమ్మం వద్ద పిల్లలతో నిలబడి బల్లల కోసం ఎదురుచూస్తున్న కుటుంబాలను చూశాము గానీ పట్టించుకోలేదు. యజమాని రెండుసార్లు వచ్చి, ఇంకేమైనా కావాలా అని అడిగి వెళ్లాడు. ఇషా అజాన్ వినబడితే గాని మేము లేవలేదు.

ఇంటికి చేరాక, సమావేశం దివ్యంగా జరిగిందని మేము చెబుతుండగా మా ఇల్లాలు అడ్డుతగిలింది. "ఆ అబ్బాయి తినే వచ్చాడంటే మీరు నమ్మారా? గోళ్లలో గ్రీజు అలాగే ఉంది. షెడ్డు నుంచి తిన్నగా వచ్చాడు. మీ నోటుపుస్తకం చూడండి." చూశాము. అందరి పేర్లకూ ఎదురుగా 150 అని ఉన్నది. అతని పేరుకు ఎదురుగా "చాయ్ – 20" అని, అతని దస్తూరీలోనే ఉన్నది.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. బఖరా సూరాలోని 273వ ఆయతు గుర్తుకు వచ్చింది. అడగడానికి అభిమానం అడ్డువచ్చే పేదలను గురించిన ప్రస్తావన అది. ఎరుగనివాడు వారిని కలిగినవారని భ్రమపడతాడని, చూడగలిగినవారు మాత్రం ముఖాన్ని బట్టి గుర్తిస్తారని దాని భావం. అందులో 'ఎరుగనివాడు' అన్నచోట ఉన్న పదం 'జాహిల్'. ఆ పదానికి ప్రతి ఏటా తరగతిలో అర్థం చెబుతూ వచ్చాము. అది మాకే వర్తిస్తుందని ఆ రాత్రి తెలిసింది.

వ్యాఖ్యాతలు ఆ ఆయతు సందర్భంలో సుఫ్ఫా వాసులను పేర్కొంటారు. మస్జిదె నబవీలోని అరుగు మీద ఉంటూ విద్య నేర్చుకున్న నిరుపేద సహాబాలు వారు. ఇంట ఇద్దరికి సరిపడే భోజనం ఉన్నవారు మూడవవానిని వెంట తీసుకుపోవాలని దైవప్రవక్త (స) బోధించారు. నేర్చుకునేవాని ఆకలి నేర్పే సమాజానిదేనన్న ఆ సంప్రదాయం మీదనే మన మదరసాలు నిలిచి ఉన్నాయి. మేము చదువుకున్నన్ని ఏళ్లూ భోజనానికి ఒక్క పైసా చెల్లించి ఎరుగము. ముక్కూముఖం తెలియని దాతలు మమ్మల్ని పోషించారు. అటువంటి మేము ఒక కథ చదవడానికి వచ్చినవానికి గుమ్మంలోనే వెల కట్టాము. ఎవరి వాటా వారిదన్నది లెక్కకు న్యాయమే. కాని మేము పిలిచినవారము, అతడు అతిథి అన్న సంగతి ఆ లెక్కలో లేదు.

మరునాడు హోటలు యజమాని కూడా జ్ఞాపకం వచ్చాడు. భోజనం కాగానే లేచి వెళ్లాలని, కబుర్లలో కూర్చుండిపోరాదని, అది ప్రవక్తకు ఇబ్బంది కలిగించినా చెప్పడానికి ఆయన మొహమాటపడతారని అహ్‌జాబ్ సూరాలోని 53వ ఆయతు తెలుపుతున్నది. ఆ ఆయతు కంఠస్థమైన మేమే ఒక వ్యాపారి బల్లలను గంటకు పైగా ఆక్రమించి కూర్చున్నాము. అతడూ నోరు విప్పలేదు, యువకుడూ నోరు విప్పలేదు. మేము మాట్లాడుతూనే ఉన్నాము.

రెండు రోజుల తరువాత షెడ్డుకు వెళ్లాము. ఏమని చెప్పాలి? క్షమించమంటే అతడు దాచుకున్నదానిని బయట పెట్టినట్లవుతుంది. ఎవరిలోనైనా లోపం కనిపిస్తే పేరు ఎత్తకుండా అందరికీ వర్తించేలా మాట్లాడడం ప్రవక్త (స) పద్ధతి. లోపం మాదే అయినప్పుడు ఆ జాగ్రత్త మరింత అవసరం. అందుచేత వచ్చే నెల కథను గురించి అతడే మొదట మాట్లాడాలని మాత్రం కోరాము. అతడు తల ఊపి, ఎదురు బండి నుండి రెండు చాయ్‌లు తెప్పించాడు. మేము జేబులో చెయ్యి పెట్టబోతే "ఇక్కడ మీరు నా మెహమాన్ హజ్రత్" అన్నాడు. చెయ్యి వెనక్కి తీసుకున్నాము. ఆతిథ్యం ఎలా ఇవ్వాలో ఆ షెడ్డులో స్టూలు మీద కూర్చుని నేర్చుకున్నాము.

ఇప్పుడు మా సమావేశం ఆ హోటలులోనే జరుగుతున్నది. నోటుపుస్తకం లేదు. బిర్యానీ మానివేసి చాయ్, సమోసాలతో సరిపెట్టుకున్నాము. ఇవ్వగలిగినవారు తోచినంత ముందుగానే ఒక పెద్దాయన చేతికి ఇస్తారు. ఎవరు ఎంత ఇచ్చారో, ఎవరు ఇవ్వలేదో ఆయన మాకు కూడా చెప్పరు. మగ్రిబ్ అజాన్‌కు పది నిమిషాల ముందే బల్లలు ఖాళీ చేస్తాము. మరుసటి నెల ఆ యువకుడు వచ్చాడు, మొదట మాట్లాడాడు. సమోసాల పళ్లెం అతని వద్దకు చేరినప్పుడు మేము కావాలనే అటు చూడలేదు.

ఈ వ్యాసం రాయదలచినప్పుడు అతని అనుమతి అడిగాము. "ఇంకొకరికి పనికొస్తుందంటే రాయండి, పేరొద్దు" అన్నాడు.

పాఠక సోదర సోదరీమణులారా! మీ మొహల్లాలో కూడా ఇటువంటి బృందాన్ని ప్రారంభించండి. హోటలులోనే కూర్చోండి, మంచిదే. పుస్తకాన్ని ఎంచుకోవడానికి ముందు, ఎవరికీ జేబు తడుముకునే పని లేకుండా అన్నం సంగతి తేల్చుకోండి. ఎవరైనా తినే వచ్చానంటే ఆ మాటను అక్కడితో వదిలివేయకండి. అడగలేనివారిని గుర్తించే చూపును అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.